ఫ్యాక్టరీ తెరిపిస్తమన్నోళ్లను ఏమడగాలె? బోధన్ ఎలక్షన్ల లెక్క

మొదలు ఒక నెంబర్ చెప్త: 3,062.

2023 నవంబర్ 30న ఓట్లు పడ్డయి, డిసెంబర్ 3న లెక్కవెట్టిండ్రు. బోధన్‌ల కాంగ్రెస్ క్యాండిడేట్ పి. సుదర్శన్ రెడ్డి, అప్పటి బీఆర్ఎస్ ఎమ్మెల్యే మహ్మద్ షకీల్ ఆమేర్ మీద 3,062 ఓట్లతోని గెలిచిండు. అప్పుడు ఒక పోలింగ్ బూత్‌ల ఎక్కువల ఎక్కువ 1,500 ఓట్లు ఉండె. అంటే రెండు బూత్‌ల ఓట్లంత తేడా. ఇంకో తీర్గ చెప్పాల్నంటే, అటు ఓటేసినోళ్లల్ల 1,532 మంది ఇటు ఏసి ఉంటే ఫలితమే తిరగవడేది. బోధన్, ఎడపల్లి, రెంజల్, నవీపేట మండలాల్ల గింతమంది యూత్ లేరా? ఒక పెద్ద ఊర్లనే ఉంటరు.

ఈ లెక్క నేను ఒకల్ని గెలిపియ్యిమని, ఒకల్ని ఓడగొట్టుమని చెప్తలేను. ఎమ్మెల్యేకు నిలవడుడు అంటే ఏంది, ఆ పదిహేను ఇరవై దినాల్ల క్యాండిడేట్ మన దగ్గరికి వచ్చి ఇచ్చే మాటను ఎట్ల తూకమెయ్యాలె అన్నదే నా ముచ్చట. చెరుకు పండిచ్చినోళ్లం మనం. బండి కాంటా మీదికి ఎక్కకుంట బరువు ఎంతనో నమ్మేటోళ్లం గాదు. మరి మాటను ఎందుకు తూకమెయ్యకుంట తీసుకుంటున్నం?

ఇద్దరే మనుషులు, మూడు ఎలక్షన్లు

బోధన్‌ల 2014, 2018, 2023 – మూడు సార్లు అసలు పోటీ ఈ ఇద్దరి నడుమనే నడిచింది. సుదర్శన్ రెడ్డి అప్పటికే 1999, 2004, 2009ల గెలిచిన మనిషి. కిరణ్ కుమార్ రెడ్డి సర్కార్ల భారీ నీటిపారుదల శాఖ మంత్రి గూడ. అసుంటి పెద్ద లీడర్‌ను 2014ల షకీల్ పదిహేను వేలకు పైన ఓట్లతోని ఓడగొట్టిండు. తెలంగాణ వచ్చిన ఊపు అది, కారు గాలి అది. 2018ల మళ్ల షకీలే గెలిచిండు గాని తేడా ఎనిమిది వేలకు దిగింది. 2023ల బండి ఎనుకకు తిరిగింది.

పదిహేను వేల నుంచి ఎనిమిది వేలు, ఆడికెళ్లి మూడు వేల ఓటమి. ఈ జారుడు ఒక్క చక్కెర ఫ్యాక్టరీ తోనే అయిందంటే అది అబద్ధం. 2023ల రాష్ట్రమంతట సర్కార్ మీద కోపం ఉండె, కాంగ్రెస్ ఆరు గ్యారెంటీలు ఉండె, బీజేపీ మూడో దిక్కు ఓట్లు గుంజింది. అయితే ఈ మూడు ఎలక్షన్లల్ల ప్రతి మైకుల, ప్రతి పార్టీ నోట వచ్చిన మాట మాత్రం ఒక్కటే ఉండె: శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ తెరిపిస్తం.

2014ల టీఆర్ఎస్ అన్నది, అధికారంలకొస్తే ఫ్యాక్టరీని సర్కార్ చేతికి తీసుకుంటమని. 2023ల కాంగ్రెస్ అన్నది, మూతవడ్డ నిజాం షుగర్స్‌ను మళ్ల నడిపిస్తమని. మాట ఒక్కటే, చెప్పే నోరు మారింది. అందుకే ఫ్యాక్టరీ కథ కొంత తెల్సుకోవాలె. యూత్‌ల సగం మందికి ఆ చిమ్నీ తెలుసు గాని, అది ఎందుకు సల్లవడ్డదో తెల్వదు.

శక్కర్‌నగర్ కథ, నాలుగు ముక్కల్ల

మంజీర మీద నిజాంసాగర్ కట్టుడు 1923ల మొదలైంది, 1931ల అయిపోయింది. కాలువ నీళ్లు వచ్చినయి, నీళ్లెంబడి చెరుకు వచ్చింది. 1937ల ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంల బోధన్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు. ఆసియాల్నే పెద్ద చక్కెర ఫ్యాక్టరీలల్ల ఒకటని పేరు. కార్మికుల క్వార్టర్లు, దవాఖాన, బడి, వేల ఎకరాల సొంత ఫారాలు – ఫ్యాక్టరీ చుట్టు ఒక పట్నమే లేచింది. ఊరి పేరే శక్కర్‌నగర్ అయింది. మా నాయినోళ్ల తరంల పెండ్లి సంబంధం చూసేటప్పుడు 'పిలగాడు ఫ్యాక్టరీల పర్మినెంట్' అంటే ఇగ వేరే ముచ్చట అడుగకపోదురు.

తర్వాత నష్టాలు వచ్చినయి. 2002ల చంద్రబాబు నాయుడు సర్కార్ శక్కర్‌నగర్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లను జాయింట్ వెంచర్ కిందికి తెచ్చింది. 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది, 49 శాతం సర్కార్‌కు మిగిలింది. నిజాం దక్కన్ షుగర్స్ అని కొత్త పేరు పడ్డది. ఈ 51, 49 అనే లెక్క యాదిల పెట్టుకోండ్రి. తర్వాతి కథంత దీని మీదనే నడుస్తది.

2004ల కాంగ్రెస్ వచ్చింది. అమ్ముడు మీద శాసనసభ హౌస్ కమిటీ ఏసిండ్రు, రిపోర్ట్ వచ్చింది. 51 శాతం మాత్రం యాడున్నది ఆన్నే ఉన్నది. 2014ల టీఆర్ఎస్ వచ్చింది. 2015 ఏప్రిల్‌ల సర్కార్ ఒక ఆర్డర్ ఇచ్చింది, మూడు యూనిట్లను తీసుకొని మహారాష్ట్ర లెక్క రైతుల సహకార సంఘంతోని నడిపియ్యాలని. అదే ఏడు డిసెంబర్‌ల మేనేజ్‌మెంట్ లే ఆఫ్ ప్రకటించి గేటుకు తాళమేసింది. తర్వాత కేసు నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ల పడ్డది. 2019ల కంపెనీని అమ్మి బాకీలు తీర్చుమని, అంటే లిక్విడేషన్ చెయ్యమని ఆర్డర్ వచ్చింది. 2024 జనవరిల కాంగ్రెస్ సర్కార్ మంత్రి శ్రీధర్ బాబు ముందట ఉండంగ ఒక కమిటీ ఏసింది, ఎట్ల తెరిపియ్యాలో చూడుమని.

ఇండ్ల మూడు పార్టీలు ఉన్నయి, చూసిండ్రా? ఒకలు వాటా అమ్మిండ్రు. ఒకలు కమిటీ ఏసి ఊకున్నరు. ఒకలు ఆర్డర్ ఇచ్చినంక తాళం పడ్డది. అందుకే 'ఫలానా పార్టీ వస్తే తెరుస్తది' అని గుడ్డిగ నమ్మే హక్కు మనకు లేదు. ఏ పార్టీ అయినా సరే, అడిగి తెల్సుకునే హక్కే ఉన్నది.

నామినేషన్ అంటే ఏంది

ఇప్పుడు క్యాండిడేట్ దిక్కు వస్త. చానమంది యూత్ ర్యాలీల బైకు మీద జెండా పట్టుకొని పోతరు గాని, లోపల రిటర్నింగ్ ఆఫీసర్ రూముల ఏమైతదో తెల్వదు.

ఎమ్మెల్యేకు నిలవడాల్నంటే 25 ఏండ్లు నిండాలె. రాష్ట్రంల ఏదో ఒక నియోజకవర్గంల ఓటు ఉండాలె. బోధన్‌ల నిలవడేటోనికి బోధన్‌లనే ఓటు ఉండాల్నని లేదు. నామినేషన్ మీద బలపరిచేటోళ్లు మాత్రం ఆ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలె. గుర్తింపు ఉన్న పార్టీ క్యాండిడేట్‌కు ఒక్కరు సంతకం పెడితే సాలు. ఇండిపెండెంట్‌కైతే పదిమంది కావాలె. పార్టీ గుర్తు కావాల్నంటే పార్టీ ఇచ్చే ఏ ఫారం, బీ ఫారం నామినేషన్ల ఆఖరి దినం మూడు గంటల లోపల ఆఫీసర్‌కు చేరాలె. 'బీ ఫారం ఎవలికి' అని రాత్రంత పంచాది నడిచేది అందుకే. అది లేకుంటే పార్టీ మనిషి గూడ ఇండిపెండెంటే.

డిపాజిట్ పదివేలు, ఎస్సీ, ఎస్టీలకు ఐదువేలు. చెల్లిన ఓట్లల్ల ఆరో వంతు కంటే ఎక్కువ వస్తేనే ఓడినోళ్లకు పైసలు వాపసు. లక్షా 68 వేల ఓట్లు చెల్లినయనుకోండ్రి, 28 వేలు దాటాలె. ప్రచారం ఖర్చు 40 లక్షలు మించద్దు. 2018ల ఈ లెక్క 28 లక్షలుండె. ఖర్చుకు ఒక బ్యాంకు ఖాతా వేరేగ తెరవాలె, ఫలితం వచ్చిన 30 దినాల్ల లెక్క అప్పజెప్పాలె. అప్పజెప్పకపోతే మూడేండ్ల దాక పోటీ చెయ్యకుంట ఎన్నికల సంఘం ఆపొచ్చు. 40 లక్షలల్నే మండలాలన్నిటి ప్రచారం ఎల్లిందా లేదా అనేది, ఆ దినాల్ల మన కండ్ల ముంగట నడిచే ఖర్చు చూసి మనమే లెక్కగట్టొచ్చు.

అన్నిటికంటే మనకు పనికొచ్చేది అఫిడవిట్. ఫారం 26 అంటరు. క్యాండిడేట్ మీద కేసులు ఎన్ని, ఆస్తి ఎంత, అప్పు ఎంత, సదువు ఎంత – ప్రమాణం చేసి రాసియ్యాలె. సర్కార్‌కు ఏమన్న బాకీ ఉంటే అదిగూడ. ఎన్నికల సంఘం వెబ్‌సైట్ల పెడతరు, ఫోన్లనే చూడొచ్చు. క్రిమినల్ కేసులుంటే పేపర్ల, టీవీల మూడు సార్లు ప్రకటన ఇయ్యాలె. 2023ల నేను కొందరి అఫిడవిట్లు ఫోన్ల తీసి మా ఊరి పొలగాండ్లకు చూపిచ్చిన. అందరు ఒక్కటే పేజీ అడిగిండ్రు: ఆస్తి ఎంతనే? అప్పుల పేజీ, కేసుల పేజీ చూసినోళ్లు తక్కువ. ఆస్తి చూసి నోరు తెరుస్తం, పక్క పేజీ తిప్పం.

ఇంకో ముచ్చట. అఫిడవిట్ల హామీలు రాసే గడి లేదు. ఆస్తి గురించి తప్పు రాస్తే చట్టం అడుగుతది. 'ఫ్యాక్టరీ తెరిపిస్త' అన్న మాట తప్పితే ఏ ఆఫీసర్ అడుగడు, ఏ కోర్టు పిలువది. ఆ గడి నింపిచ్చే పని ఓటర్‌ది.

ఎమ్మెల్యే చేతిల ఏమున్నది, ఏం లేదు

గీడ మనం జర సల్లగ ఆలోచన చెయ్యాలె. ఎమ్మెల్యే అనేటోడు 119 మందిల ఒకడు. ఫ్యాక్టరీ తాళంచెవి ఆయన జేబుల ఉండది.

చెరుకు ధర ఎమ్మెల్యే పెట్టడు. ఎఫ్ఆర్పీ అని కేంద్రం పెడతది. 2023-24 సీజన్‌కు క్వింటాల్‌కు 315 రూపాయలు పెట్టింది. ఆ ధర కంటే తక్కువ ఇయ్యద్దు, తోలిన 14 దినాల్ల పైసలు కట్టాలె అన్నది గూడ కేంద్రం చట్టమే. ఏ ఊరి చెరుకు ఏ ఫ్యాక్టరీకి పోవాలో రాష్ట్రం దిక్కు నుంచి కేన్ కమిషనర్ చూస్తడు. కంపెనీ అప్పుల కేసు ట్రిబ్యునల్ల నడుస్తది. పైసలు ఇయ్యాల్నంటే ఆర్థిక శాఖ, కేబినెట్ ఒప్పుకోవాలె. ఎమ్మెల్యేకు సొంతంగ ఖర్చు పెట్టే నియోజకవర్గ అభివృద్ధి నిధి, 2021ల పెంచినంక ఏడాదికి 5 కోట్లు. దాంతోని ఊరికో సీసీ రోడ్డు, మోరీ, కమ్యూనిటీ హాల్ అయితయి. చక్కెర ఫ్యాక్టరీ కాదు.

మరి ఎమ్మెల్యే ఎందుకు అంటరా? ఆయన చేతిల ఉన్నయి గూడ చిన్నయి గావు. అసెంబ్లీల ప్రశ్న ఏస్తే మంత్రి జవాబు చెప్పాలె, ఆ జవాబు రికార్డుల పడ్తది. బడ్జెట్ల ఫ్యాక్టరీకి ఒక పద్దు ఉన్నదా లేదా అని నిలదియ్యొచ్చు. సర్కార్‌కు 49 శాతం ఉన్నది గద, ఆ వాటా ఏమైంది, ఆస్తుల లెక్క ఏంది, భూములు ఎన్ని మిగిలినయి అని అడుగొచ్చు. అధికార పార్టీ ఎమ్మెల్యే అయితే మంత్రుల దగ్గర కూసొని ఫైల్ కదిలిపియ్యొచ్చు. ప్రతిపక్షం అయితే లొల్లి చేసి పేపర్లకెక్కియ్యొచ్చు. అంటే 'తెరిపిస్త' అనేది ఎమ్మెల్యే ఒక్కడు ఇయ్యగలిగిన మాట కాదు. 'అసెంబ్లీల ఫలానాది అడుగుత, ఫలానా దినం లోపల జవాబు తెచ్చి మీ ముంగట పెడ్త' అనేది మాత్రం ఇయ్యగలిగిన మాట. మనం మొదటిది విని సప్పట్లు కొడుతున్నం, రెండోది అడుగుతనే లేం.

చెరుకు యాడున్నది?

ఏ మైకుల గూడ వినవడని ప్రశ్న ఇది. తాళం తీస్తే ఫ్యాక్టరీ నడుస్తదా? ఒక చిన్న లెక్క చేద్దాం.

రోజుకు 3,000 టన్నులు ఆడే మిల్లు అనుకోండ్రి. సీజన్‌కు వంద దినాలన్న నడవాలె. అంటే 3 లక్షల టన్నుల చెరుకు. ఎకరానికి 35 టన్నుల దిగుబడి అనుకుంటే ఎనిమిదిన్నర వేల ఎకరాలు. అదిగూడ దగ్గర్ల ఉండాలె. ఎందుకంటే చెరుకు కొట్టినంక ఒకటి రెండు దినాల్ల ఆడకపోతే బరువు తగ్గుతది, తీపి తగ్గుతది. రెండు వందల కిలోమీటర్ల నుంచి తెచ్చి ఆడే సరుకు కాదది.

ఇప్పుడు మన పొలాల దిక్కు చూడండ్రి. ఫ్యాక్టరీ సల్లవడ్డప్పటి సంది కాలువ కింద రైతు వరికి మళ్లిండు. వరి నాలుగైదు నెలల్ల చేతికొస్తది, ఏడాదికి రెండు పంటలు, ఊర్లనే కొనుగోలు కేంద్రం. చెరుకు ఏడాది పంట. నాటిన దినం సంది పది పన్నెండు నెలలు పైసా కనవడది. కొట్టిన మోళ్ల నుంచి రెండో పంట తీస్తేనే రైతుకు ఏమన్న మిగులుతది. కొట్టే లేబర్ దొరుకుడు కష్టం. ఇంక చెరుకు ఏస్తున్న రైతులకు కామారెడ్డి దిక్కు ప్రైవేటు మిల్లులే దిక్కు. నిజామాబాద్ పక్కపొంటి సారంగపూర్ల సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉండె, అదిగూడ మూతవడ్డది.

గీడనే ముడి ఉన్నది. ఫ్యాక్టరీ నడుస్తదన్న నమ్మకం లేకుంటే రైతు చెరుకు ఎయ్యడు. చెరుకు లేకుంటే ఫ్యాక్టరీ నడవది. చెరుకు ఈ ఏడు నాటితే వచ్చే సీజన్‌కు గాని మిల్లుకు రాదు. అంటే గేటు తెరిచే దినానికి ఒక ఏడాది ముందే రైతుకు గట్టి భరోసా ఇయ్యాలె – విత్తనం, అప్పు, ధర, పైసలు వచ్చే తారీఖు. ఎలక్షన్‌కు నెల ముందు 'తెరిపిస్తం' అన్న క్యాండిడేట్ ఈ ఏడాది లెక్క చెప్పకపోతే ఆయన తాళంచెవి ముచ్చట చెప్తున్నడు, ఫ్యాక్టరీ ముచ్చట కాదు.

ఓడిపోయేటోళ్లు గూడ ఎందుకు నిలవడ్తరు

మన జిల్లా దేశానికే ఒక పాఠం చెప్పింది. అది ఎంపీ ఎలక్షన్, 2019. పసుపుకు, ఎర్రజొన్నకు ధర లేదని, పసుపు బోర్డు కావాలని రైతులు నామినేషన్లు ఏసిండ్రు. బరిల మిగిలిన 185 మందిల 178 మంది రైతులు. ఒక బ్యాలెట్ యూనిట్ మీద 16 గుర్తులే పడ్తయి గాబట్టి ఒక్కో బూత్‌ల 12 యూనిట్లు పెట్టాల్సొచ్చింది. ఒక్కొక్క రైతు 25 వేలు డిపాజిట్ కట్టిండు, ఆ పైసలు వాపసు రావని తెల్సే కట్టిండు.

గెలుస్తమని నిలవడలేదు వాళ్లు. ఓట్ల మిషన్‌నే దరఖాస్తు కాయితం చేసిండ్రు. ఫలితం ఏమైంది? సిట్టింగ్ ఎంపీ కల్వకుంట్ల కవిత 70 వేలకు పైన ఓట్లతోని ఓడింది. గెలిచిన ధర్మపురి అర్వింద్ ఎలక్షన్ల పసుపు బోర్డు తెస్తనని బాండ్ పేపర్ మీద రాసిచ్చి ఉండె. గెలిచినంక బోర్డు ఎంటనే రాలేదు. రైతులు ఆ బాండ్ పేపర్‌ను మర్చిపోలేదు, మర్చిపోనియ్యలేదు. యాడికి పోయినా అదే అడిగిండ్రు. 2023 అక్టోబర్ 1న మహబూబ్‌నగర్ల ప్రధాని మోదీ పసుపు బోర్డు ప్రకటించిండు. 2025 జనవరిల బోర్డు మొదలైంది, హెడ్డాఫీసు నిజామాబాద్‌లనే. బోర్డుతోని ధర వచ్చిందా అనేది ఇంకో పంచాది. నేను చెప్పేది ఒక్కటే: రాతల ఉన్న మాట ఆరేండ్లు ఎంటవడ్డది. మైకుల చెప్పిన ఫ్యాక్టరీ మాట సభ అయిపోయి కుర్చీలు ఎత్తినంక ఎవలకు యాదికున్నది?

2023ల కొల్లాపూర్ల బర్రెలక్కను చూసిండ్రు గద. కర్నె శిరీష, నిరుద్యోగం మీద విజిల్ గుర్తుతోని ఇండిపెండెంట్‌గ నిలవడ్డది. దాదాపు 5,700 ఓట్లు వచ్చినయి, ఓడింది. అయినా ఉద్యోగాల ముచ్చట రాష్ట్రమంత మాట్లాడింది. ఒకసారి బోధన్ లెక్కకు రాండ్రి. ఆడ గెలుపు తేడా 3,062. అసుంటి పోటీల 5,700 ఓట్లు ఉన్న చిన్న క్యాండిడేట్ గెలువకపోవచ్చు గాని, పెద్దోళ్లిద్దరు ఆయన మాట వినకుంట ఉండలేరు.

అట్లని ప్రతి ఒక్కడు నిలవడుమని నేను అనను. ఇండిపెండెంట్ బతుకు కష్టం. పోలింగ్ ఏజెంట్లు దొరుకరు, కార్లకు డీజిల్ దొరుకది. కొందరు గుర్తు కోసం, ఇంకొకని ఓట్లు చీల్చుటందుకు డమ్మీలుగ నిలవడ్తరు. అసుంటి వాళ్లను గూడ మనమే గుర్తువట్టాలె. ఏం అడుగుతున్నడు, ఎవలి కోసం అడుగుతున్నడు అనేది చూస్తే తెల్సిపోతది.

పక్కన కామారెడ్డిల 2023ల ఏమైంది? మాస్టర్ ప్లాన్‌ల భూములు పోతయని రైతులు రోడ్డెక్కిన ఊరు అది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి – ఇద్దరు ఆన్నే నిలవడ్డరు. ఇద్దర్నీ కాదని లోకల్ మనిషి కాటిపల్లి వెంకటరమణారెడ్డిని గెలిపిచ్చిండ్రు. పెద్ద పేర్లు చూసి ఓటు పడ్తదన్న లెక్క మన పాత జిల్లాలనే తప్పింది.

సభల కాదు, కచ్చీరు కాడ అడుగుండ్రి

ఇగ మళ్ల ఎలక్షన్ వచ్చినప్పుడు, ఏ పార్టీ జెండా అయినా సరే, క్యాండిడేట్ ఊర్లకు వస్తడు. సభల మైకు ఆయన చేతిల ఉంటది. కచ్చీరు కాడ, చాయ్ హోటల్ కాడ మాత్రం మాట మన చేతిల ఉంటది. ఆడ ఈ ఐదు అడుగుండ్రి:

ఒకటి. పాత మిషన్లతోని నడిపిస్తవా, కొత్తది పెడ్తవా? పైసలు ఎవలియ్యాలె – సర్కారా, ప్రైవేటా, రైతుల సంఘమా?

రెండు. కంపెనీ మీద ఉన్న కేసు, బ్యాంకుల బాకీ ఏ దశల ఉన్నయి? తెల్వకపోతే తెల్సుకొని రా, మేం ఆగుతం.

మూడు. గేటు తెరిచే దినానికి చెరుకు ఎన్ని ఎకరాల్ల ఉండాలె? వరి ఏస్తున్న రైతు చెరుకు ఎందుకు ఎయ్యాలె? తోలిన 14 దినాల్ల పైసలు రాకపోతే జిమ్మేదారి ఎవలు?

నాలుగు. జీతాలు ఆగిపోయిన పాత కార్మికుల లెక్క ఎట్ల తీరుస్తవు?

ఐదు. గెలిచిన మొదటి ఏడాదిల అసెంబ్లీల ఈ ముచ్చట మీద ఎన్నిసార్లు లేస్తవు?

ఈ ఐదిట్ల మొదటి నాలుగింటికి 'చూస్తం, చేస్తం' అనే జవాబే రావొచ్చు. ఐదో దానికి మాత్రం సాకు లేదు. లేచుడు, అడుగుడు పూర్తిగ ఆయన చేతిలదే. అందుకే ఐదోదాన్ని కాయితం మీద రాపిచ్చుకోండ్రి, సంతకం తీసుకోండ్రి, ఫోన్ల వీడియో తియ్యండ్రి. కోర్టుల చెల్లది, నాకెరుకే. ఐదేండ్ల తర్వాత అదే మనిషి మళ్ల వచ్చినప్పుడు అదే చాయ్ హోటల్ల ఆ వీడియో పెడితే మాత్రం చెల్లుతది.

ఇండ్ల యూత్ చేసే పని ఇంకోటి ఉన్నది. మన ఊర్లల్ల పెద్దమనుషులు క్యాండిడేట్‌ను అడిగేది గుడికి చందా, కులసంఘం భవనం, బోరు మోటర్. అవి తప్పని నేను అనను, ఊరి అవసరం ఊరికి ఉంటది. గుడి రంగుకు ఇచ్చే చందాతోని ఓటు తీరిపోతే మాత్రం, ఫ్యాక్టరీ ముచ్చట మళ్ల ఐదేండ్లు మైకులకే పరిమితం. అసుంటి లెక్కల క్యాండిడేట్ తప్పు సగం, మన తప్పు సగం. ఆయన మన ఓటు ధర ఎంతనో మన నోటెంబడే విన్నడు.

18 ఏండ్లు నిండినోళ్లు ఓటు రాపిచ్చుకోండ్రి. ఫారం 6 ఫోన్లనే నింపొచ్చు. హైదరాబాద్ల, గల్ఫ్ల ఉన్న అన్నలకు చెప్పుండ్రి, ఊర్ల ఓటు ఉన్నదా తీసేసిండ్రా చూసుకొమ్మని. మన దిక్కు గల్ఫ్ పోయినోళ్లు ఇంటికొకరు ఉంటరు. వాళ్లు పోయింది గూడ ఈడ పని లేకనే గద. ఫ్యాక్టరీ ముచ్చట రైతులదే అనుకోకుండ్రి. చెరుకు కొట్టేటోడు, బండి తోలేటోడు, వెల్డింగ్ షాపోడు, చాయ్ హోటలోడు, అందరి పొట్ట దాని చుట్టే తిరిగింది.

2023ల 3,062 మంది తేడాతోని ఒక ఎమ్మెల్యే మారిండు. వచ్చే సారి అంతకంటే తక్కువనే ఉండొచ్చు, ఎక్కువనే ఉండొచ్చు. ఎవలు గెలుస్తరో నేను చెప్పలేను. రెండు బూత్‌ల యూత్ ఒక్కటై చేతుల ఒక కాయితం పట్టుకొని నిలవడితే, ఏ క్యాండిడేట్ గూడ ఆ కాయితం చదువకుంట బండి ఎక్కి పోలేడు. కాంటా మన చేతిల ఉన్నది. బండి వచ్చినప్పుడు ఎక్కిచ్చుడే మన పని.